ఉష్ణమును మోయు లోహము



అణుశక్తితో విద్యుత్తును పుట్టించు నావ యొకటి సముద్రముమీద తేలుచున్నదని వింటిననియు, అట్టిది మన వాడరేవునకు వచ్చినచో మంచిదో చెడ్డదో చెప్పవలెననియు మొన్న రచ్చబండకడ నొక రైతు నన్నడిగెను. ఉత్తరమునకు ముందు, అందలి వేడి బయటికెట్లు వచ్చునో తెలిసికొందము.

కమ్మరి కొలిమిలో నుంచిన యినుపకడ్డీ కొంతసేపటికి చేతనున్న కొనయందును కాలును. పొయ్యిలోని కట్టెకో, ఒక కొన మండుచున్నను రెండవ కొనను పట్టుకొనవచ్చును. ఉష్ణమును కొనిపోవుట లోహమునకు సహజగుణము. కరగిన సోడియము నీటికంటె సుమారు నూరురెట్లు సులభముగా వేడిని తనలో ప్రసరింపజేయును. అది 98 డిగ్రీలకు కరగును. 883 డిగ్రీలకుగాని మరగదు. కావున, నీటిని మరగనీయకుండుటకు వలయు గొప్ప యొత్తిడి దీనికక్కరలేదు. గొట్టములలో ప్రవహించుచు ఇంధనమునుండి వేడిని గ్రహించి, ఆవల నీటిని ఆవిరిగా మార్చును. ఆ యావిరి విద్యుద్యంత్రమును త్రిప్పును.

గుణమున్నచోటనే దోషమును గలదు. సోడియము నీటిని తాకిన భగ్గుమనును. అందుచేత చెన్నపట్టణమునకు దక్షిణమున కల్పాకమునందు 1985లో మొదలైన రియాక్టరులో, ఇంధనమును తాకు సోడియమునకును నీటికిని నడుమ వేరొక సోడియప్రవాహము నుంచిరి.

కొన్ని జలాంతర్గాములకు సోవియట్లు సీసమును బిస్మతును కలిపిన లోహమును వాడిరి. అది నీటితో మండదు. కాని వేడి సుమారు 125 డిగ్రీలకు తగ్గినచో, పుష్యమాసమున గిన్నెలోని నెయ్యివలె పేరుకొనును. నావ రేవున నిలిచియున్నను దానిని వేడిగా నుంచవలసినదే. 1968లో కె-27 అను జలాంతర్గామియందు ఆ లోహములో పుట్టిన మడ్డి దారికడ్డుపడగా ప్రవాహము తగ్గి, ఇంధనము కొంత చెడెను. అణుకిరణములు సోకి తొమ్మిదిమంది నావికులు మరణించిరి. పుట్టిన వేడి కదలక నిలిచిపోవుటయే ఆపదకు మూలము. రియాక్టరు నాపిన పిదపను ఇంధనమున వేడి కొంతకాలము పుట్టుచునే యుండును.

ఇక రైతు వినిన నావ, రష్యాదేశపు పెవెక్ రేవున 2019 డిసెంబరులో విద్యుత్తునీయ మొదలిడిన అకడమిక్ లొమొనొసోవ్. దాని శక్తి 70 మెగావాట్లు. అందు వేడిని మోయునది నీరే, లోహము గాదు.

నేనాతనికి చెప్పినదిది: "అట్టి నావ వచ్చిననాడు ఎన్ని దీపములు వెలుగునని యడిగి యూరకుండకుము. వేడిని మోయునదేది? యంత్రమాగిననాడు దానిని కదల్చునదేది? రేయింబవళ్లు దానిని కాచువారెవరు? ఈ మూడును అడుగుము."

కల్లమున మిరపకాయలెండుచుండగా మబ్బుపట్టిన రాత్రి నిద్రపోని మనకు ఈ జాగరూకత క్రొత్తది కాదు. సెలవు.