బీరువా చాలదు, మనిషి కావాలి
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రాలు మన సంస్థ గ్రంథాలయంలో యువ పాఠకుల విభాగం చూస్తాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు వస్తారు. "ఈ కాలం పిల్లలు ఫోన్ వదలరు, పుస్తకం పట్టరు" అని అందరం అంటుంటాం. ఫోన్ సంగతి నిజమే. చదవరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మనం చదవమన్నవి చదవరు, అంతే.

ఈ వయసు అటూ ఇటూ కాని వయసు. బొమ్మల కథల దగ్గర నిలబడితే నామోషీ, పెద్ద నవలల దగ్గరికి వెళితే బెదురు. చాలా గ్రంథాలయాల్లో చిన్నపిల్లలకో మూల ఉంటుంది, పోటీ పరీక్షల వాళ్ళకో బల్ల ఉంటుంది. మధ్యలో వీళ్ళకి చోటుండదు. పదో తరగతి రాగానే ఇంట్లోనూ "కథలు తర్వాత, ముందు గైడు తియ్యి" అంటాం. చదివే అలవాటు తెగిపోయేది అక్కడే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి అన్నవి వాటిలో రెండు. ఈ ఇద్దరినీ కలిపేది బీరువా కాదు, మనిషి.

మెకానిక్ షాపులో పనిచేస్తూ తొమ్మిది చదివే కుర్రవాడు ఒకడు కూడబలుక్కుని చదివేవాడు. నీతికథలిస్తే రెండో పేజీ దాటలేదు. ఇంజను ఎలా తిరుగుతుందో బొమ్మలతో చెప్పే పుస్తకం ఇస్తే నెలరోజులు వదల్లేదు. తర్వాత విమానాల పుస్తకం అడిగాడు. ఆ తర్వాత అబ్దుల్ కలాం గారి ఆత్మకథ తానే తీసుకున్నాడు.

ఇంకో అమ్మాయికి మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' ఇచ్చాను. మర్నాడు వచ్చి, "టీచర్, మనవాళ్ళ గురించి కూడా పుస్తకాలు రాస్తారా?" అంది. తెలుగు చదవడం రాని వాళ్ళమ్మకు రోజుకో కథ చదివి వినిపిస్తోందట. ఒక పుస్తకం ఇద్దరిని చేరింది.

ఇక మనసుకు కష్టమనిపించే మాట. పదో తరగతి అయ్యాక ఆడపిల్లలు గ్రంథాలయానికి రావడం తగ్గిపోతోంది. తల్లిదండ్రులు చదువుకు అడ్డం కాదు. చీకటి పడ్డాక దారి ఎలా, అక్కడ ఎవరుంటారు అన్నదే వాళ్ళ బెంగ. మనం తలుపు తీసేది సాయంత్రాలే. ఆదివారం పట్టపగలు తాళం వేసి ఉంటుంది.

1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళాలని ఆనాటి వాళ్ళు అనుకున్నారు. మనం పడవ కట్టనక్కర్లేదు, ఆదివారం తాళం తీస్తే చాలు.

దాతలకు నా విన్నపాలు రెండు. పుస్తకాల కోసం ఇచ్చే డబ్బులో కొంత భాగం పిల్లలనే కొట్టుకు తీసుకెళ్ళి వాళ్ళకు నచ్చినవి కొననివ్వండి. ఇంట్లో మిగిలిన పాత గైడ్లకంటే అవి ఎక్కువ చేతులు మారతాయి. రెండోది, ఆదివారాలు ఉదయం నుంచి అసర్ నమాజు వేళ దాకా గ్రంథాలయం తెరిచి ఉంచడానికి, చదువుకున్న ఒక మహిళను జీతానికి పెట్టడానికి సాయం చేయండి.

బీరువా ఇస్తే దాని మీద దాత పేరు రాయించగలం. జీతం మీద రాయించలేం. అయినా ఈ ఏడాది అడుగుతున్నది జీతమే. ఆ పిల్లలు మళ్ళీ గడప తొక్కితే, ఎవరి వల్ల వచ్చారో అల్లాహ్‌కు తెలుసు.