ప్రియదర్శిని పెట్టె
(ధర్మపురిలో ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

ఈరోజు ఉపకారవేతనం అందుకుంటున్న చిరంజీవులకు నా ఆశీస్సులు, వారిని చదివిస్తున్న తల్లిదండ్రులకు నా అభినందనలు. కంప్యూటరు లోకాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. నాకు తెలిసిన చోటునుంచే మొదలుపెడతాను.

1957లో ‘మాయాబజార్’ చిత్రాన్ని మద్రాసులో తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఇక్కడున్న పెద్దలు ఏదో ఒక భాషలో చూసే ఉంటారు. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. మూత తీసి చూసినవారికి తమకు ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు చూస్తే శకుని! ‘సైబర్‌స్పేస్’ అనే మాటను విలియం గిబ్సన్ అనే రచయిత 1982లో ఒక కథలో వాడారు. అంతకు పాతికేళ్ళ ముందే మనవాళ్ళు ఇలాంటి పెట్టెను ఊహించుకున్నారన్నమాట. నేటి సెల్‌ఫోను చేసేదీ అదే. నిన్న మనం దేన్ని ఎక్కువసేపు చూశామో గుర్తుపెట్టుకుని ఈరోజు అదే తెచ్చి చూపుతుంది. భయపడేవారికి భయాన్నీ, ఆశపడేవారికి ఆశనూ.

ఈ రెండూ ఒకేసారి రావడం 1999లో చూశాను. జ్ఞాపకశక్తి ఆదా చేయడానికి పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. 2000 వస్తే అవి 1900 అనుకుంటాయనీ, విమానాలు కూలిపోతాయనీ, బ్యాంకు లెక్కలు చెరిగిపోతాయనీ పుకార్లు. మా నాయన డిసెంబరు నెలాఖరులోపే వెళ్ళి పాస్‌బుక్కులో నిల్వ రాయించుకు వచ్చారు, చేతిలో కాగితం ఉండాలని. అదే సమయంలో ఆ రెండు అంకెలు సరిచేసే పనిమీదనే ఎందరో తెలుగు పిల్లలు అమెరికా విమానం ఎక్కారు. జనవరి 1న పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. ముందుగా సరిచేశారు గనుక జరగలేదని చెప్పుకునేవారు మాత్రం తక్కువ.

ఇక మన ఇంటి సంగతి. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉపకారవేతనానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతోంది. ఆఖరి రోజు. ఓటీపీ తండ్రి ఫోనుకు వచ్చింది. “నైనా, ఆ నెంబరు చెప్పు” అంటే ఆయన చెప్పలేదు. “ఎవరికీ చెప్పకూడదని బ్యాంకువాళ్ళు అన్నారు, నువ్వయినా సరే” అన్నారు. ఆయన తప్పేముంది? 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో తమిళనాట మన జిల్లాయే ఆఖరు. ఇంగ్లీషులో వచ్చిన నాలుగు ముక్కలు ఆయన చదవలేరు. భయం ఒక్కటే నేర్పాం, తేడా నేర్పలేదు. ఆ అమ్మాయికి గడువు దాటిపోయింది. ఆ సంవత్సరం ఫీజుకు వాళ్ళమ్మ కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి.

తేడా ఇది. మనంతట మనం తెరిచిన ప్రభుత్వ పేజీలో, మన చేత్తో వేసుకునే ఓటీపీ వేరు. ఎవరో ఫోను చేసి అడిగే ఓటీపీ వేరు. రెండోది ఎవరికీ, ఏ పేరు చెప్పినా ఇవ్వవద్దు. ఉపకారవేతనం మంజూరైంది, ముందుగా ఇంత కట్టండి అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

పిల్లలకు ఒక పని చెబుతాను. ఈ రాత్రి మీ నాయన పక్కన కూర్చుని, ఆయన ఫోనులో వచ్చిన సందేశాలు ఒక్కొక్కటి చదివి అర్థం చెప్పండి. విసుక్కోకండి. దరఖాస్తులో సందేహాలున్నవారు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి, ఫోను ఉన్నవారిని వెంటబెట్టుకుని.