అయస్కాంతపు పొరలపై అయానుల తాకిడి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట నా వ్యసనము. ఈ రెంటికిని చెందని విషయమును ముచ్చటింపబూనితినని మీరాశ్చర్యపడవచ్చును. కాని నన్నిచటికి చేర్చినవి ఆ రెండే.

కుమారసంభవము ద్వితీయ సర్గమున బ్రహ్మ, శివుని మనస్సును పార్వతీ సౌందర్యముచే ఆకర్షింపుడని దేవతలకు బోధించుచు, అయస్కాంతము లోహమును లాగుటను ఉపమానముగా జూపెను. అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనదని అర్థము. ఆ ప్రియత్వమెట్టిదో తెలియగోరి ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే శాస్త్రగ్రంథములు తెరచితిని.

ఇక వృత్తి మాట. ఒక పాత చిట్టాలో ఒక్క పుట చెదలు తినిపోగా, ఇద్దరన్నదమ్ములు ఒక గట్టుకొరకు ఏండ్లతరబడి పలుకరించుకొనకుండుట కన్నులార చూచితిని. అక్షరము నిలుచుట ఎంత అవసరమో నాడు తెలిసినది. నేడు భూముల లెక్కలు పెక్కు కంప్యూటరులలో చేరినవి. హార్డుడిస్కుపై అక్షరము సిరాతో వ్రాసినది కాదు. అతిసూక్ష్మములైన అయస్కాంత కణముల దిశయే అచట అక్షరము. కణము మరీ చిన్నదైనచో గదిలోని వేడిమికే దిశ తప్పి, వ్రాసినది చెరిగిపోవును. చిన్నదిగా వ్రాయవలెను, చెరగకుండవలెను. ఇదియే చిక్కు.

ఇందుకై శాస్త్రజ్ఞులు పరీక్షించిన వానిలో కోబాల్టు, ప్లాటినము లోహములను పొరలు పొరలుగా పేర్చిన రేకులొకటి. కోబాల్టు పొర మందము కొన్ని పరమాణువులు మాత్రమే. అనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతునకు అటునిటు. పలుచని పొరలో అయస్కాంత దిశ సాధారణముగా చాపవలె పరుండును. ఇచటనో స్తంభమువలె నిట్టనిలువుగ నిలుచును. రెండు లోహములు కలియు సరిహద్దున పరమాణువుల పొత్తే దానికి కారణము. సరిహద్దు స్పష్టముగా నున్నంతవరకే ఆ నిలుకడ.

1998లో ఫ్రాన్సుదేశమున ఓర్సేలోని క్లాడ్ షాపేర్, ఆయన సహచరులు ఇట్టి పొరలపై హీలియం అయానులను కురిపించి ఫలితములను ప్రకటించిరి. ఇచట అయాననగా ఎలక్ట్రానును కోల్పోయి విద్యుదావేశము పొందిన పరమాణువు. హీలియం తేలికైనది. వేగముగా పంపిన అయాను పొరలను దాటి, అడుగునున్న పలకలో లోతుగా ఆగిపోవును. పోవుచు త్రోవలోని పరమాణువులను ఒకటిరెండు స్థానములు జరుపును. పైతలము నున్నగనే యుండును. లోపల మాత్రము రెండు లోహములు ఒకదానిలోనికొకటి చొరబడి సరిహద్దు చెదరును. తాకిడి కొలదిగా నున్నచో దిశను త్రిప్పుట సులభమగును. హెచ్చినచో నిలువుదిశ పరుండును. ఇంకను మించినచో, మిక్కిలి పలుచని పొర గది వేడిమిలో అయస్కాంతత్వమునే కోల్పోవును.

రంధ్రములుగల తెరను అడ్డముంచి అయానులను కురిపించినచో, తాకిన చోట ఒక గుణము, తాకని చోట మరియొక గుణము నిలుచును. మట్టి ఎత్తకయే మళ్లు విభజించినట్లు!

ఇంకొక వింత. 2000లో అచటి పరిశోధకులే ఇనుము, ప్లాటినముల మిశ్రమపు పొరను వేడిచేయుచు హీలియం అయానులతో తాకింపగా, చెదరియున్న పరమాణువులు వరుసలు తీరినవి. తాకిడి కదలుటకు సందు కల్పించినది. వేడి తగిన స్థానమునకు చేర్చినది. ఒక చోట చెదరగొట్టినదే మరియొక చోట చక్కబెట్టినది.

ఈ హీలియమునకు మనతోను కొంత బంధుత్వము కలదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునుండి పరిశీలించెను. ఆ యేడే ఇంగ్లండున లాకియర్ సూర్యకాంతిలో చూచిన పసుపుగీత ఈ మూలకపు జాడయని పిమ్మట తేలినది.

అంగట దొరకు డిస్కులు ఈ తెరపద్ధతిన తయారగుట లేదు. అది పరిశోధనలకే పరిమితమైయున్నది. అయినను లోహపు పొరలో పరమాణువు ఒక్క స్థానము జరిగిన ఫలితమేమో లెక్కగట్టినవారి శ్రద్ధ లెక్కలు వ్రాయు నాకు గురువైనది. అక్షరమును ఎంత చిన్నదిగా వ్రాయవచ్చునో శాస్త్రము చెప్పును. వ్రాసినది సత్యమో కాదో చూచుట మన విధి.

నాకు బడిలో దొరకని విద్య ఈ గదిలో దొరికినది. రజతోత్సవ విరాళములలో కొంత భాగము శాస్త్రగ్రంథములకు కేటాయింపుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.