సుగ్గికి పోయిన వయసు



 బడి హాజరు పట్టీ దగ్గర మొదలుపెడతాను. దీపావళి దాటిందంటే మన కోసిగి బడుల్లో ఆ పట్టీ పలచబడుతుంది. పేరు పిలిస్తే పక్క బెంచీ పిల్లాడు జవాబు చెబుతాడు: "సుగ్గికి పోయినాడు సార్." సుగ్గి అంటే పంట కోతల కోసం పోయే వలస.

ఆ పిల్లలను వెంటబెట్టుకుని పోయేది పనిచేసే వయసు పెద్దలు. పదిహేను నుంచి యాభైతొమ్మిదేళ్ల మధ్య వాళ్లను పనిచేసే వయసువారిగా లెక్కిస్తారు. జననాలు తగ్గుతున్న కొద్దీ కొంతకాలం జనాభాలో వీళ్ల వాటా పెరుగుతుంది. దేశానికి ఆ అదృష్టకాలం 2041 ప్రాంతంలో శిఖరానికి చేరుతుందని 2018-19 ఆర్థిక సర్వే అంచనా. అందులో ఇరవై నుంచి యాభైతొమ్మిదేళ్ల వారిని లెక్కలోకి తీసుకుని, వారి వాటా 59 శాతానికి చేరుతుందన్నారు. మన రాష్ట్రం ముందే నడుస్తోంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. తరం తరాన్ని భర్తీ చేయాలంటే 2.1 ఉండాలి. ముసలితనం ముంచుకొస్తోందన్న భయంతోనే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తీసేసింది.

ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇంకా పిల్లల్ని కనండి అనేముందు, కన్న పిల్లలు ఎక్కడున్నారో చూడాలి కదా!

2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం, కర్నూలు జిల్లాది 60. మన కోసిగి మండలం రాష్ట్రంలోనే అట్టడుగు వరసలో నిలిచింది. తుంగభద్ర పక్కనే పారుతున్నా వానకోసం మొగులు చూసే చేలు మనవి. పత్తి ఏరడం అయ్యాక ఊళ్లో పని ఉండదు. మూటాముల్లె, బియ్యం, సట్లు బండికెత్తుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు.

అక్కడ పన్నెండేళ్ల పిల్లను చూడండి. కాయ తెంపి తెంపి వేళ్లు మండుతుంటాయి. ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదని చంటి తమ్ముడికి చెబుతుంటుంది. లెక్కల్లో ఆ పిల్ల ఒకరిమీద ఆధారపడిన బాలిక. ఇక్కడ తాళాలేసిన వీధిలో మేకల్ని, మనవళ్లను సాకుతున్న అరవైఐదేళ్ల అవ్వ కూడా లెక్కల్లో ఆధారపడినదే. పనిచేసే వయసువాళ్లు ఆ కోతల కాలమంతా ఊళ్లోనే ఉండరు. ఏ పట్టిక ఇలా రెండుగా చీలిన ఇంటిని చూపగలదు?

పనే మనిషి దగ్గరికి వస్తే మనిషి నిలబడతాడు. పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాన్ని నమ్ముకున్నవాళ్లకు ఆసరా చూపారు. ఆదోని పత్తి మార్కెట్‌కు మన చేల పంట కూడా చేరుతోంది. ఆ దూదితో నడిచే పనులు ఈ పల్లెలకు ఎందుకు రాకూడదు? అది ప్రభుత్వం, వ్యాపారులు కలిసి తేల్చాల్సిన మాట.

పిల్లల సంగతి మాత్రం అంతవరకు ఆగదు. వలస పోయేవాళ్ల బిడ్డలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. తల్లిదండ్రులు బండెక్కాక వాటి తలుపు తెరిస్తే ప్రయోజనం లేదు. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పదకొండేళ్ల పిల్లకు 2041 నాటికి పాతికేళ్ల ప్రాయం వస్తుంది. అధికారులకు, ఉపాధ్యాయులకు, సర్పంచులకు చేతులెత్తి అడుగుతున్నాను: ఈ ఏడాది దీపావళికి ముందే ఆ హాస్టళ్ల తాళాలు తీయించండి.