వేళ తప్పని పనులు: సంఘపు ఆన్‌లైన్ దుకాణము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు పెక్కు గ్రామములలో చేనేత సంఘములును, మహిళా పొదుపు సంఘములును తమ సరకును ఇంటర్నెట్టుపై అమ్మ యత్నించుచున్నవి. ఇట్టి దుకాణములలో అనేకము వర్డ్‌ప్రెస్, దానికి తోడైన వూకామర్స్ అను సాధనములతో నడచుచుండును. మొదటిది 2003లోను, రెండవది 2011లోను వెలువడినవి; రెండును ఉచితముగనే లభించును.

దినమునకు పదిమంది వచ్చు దుకాణమునకు వేగముతో పనియేమి అని కొందరు మమ్మడుగుదురు. వేయిమంది వచ్చుచోట ఒకరిద్దరు విసిగి వెడలినను లోటు తెలియదు. పదిమందిలో ఇద్దరు వెడలిరా, ఆ దినపు బేరము పోయినట్లే.

వింతయేమనగా, జనము తక్కువగుటయే ఇచట ఆలస్యమునకు కారణము. ఎవరైన పుట తెరచినపుడు సర్వరు సరకు పట్టికను వెదకి, ధరలు చేర్చి, ఆ పుటను అప్పటికప్పుడు తయారుచేయును. పిమ్మట దాని నకలును కొన్ని గంటలపాటు దాచును. దీనినే క్యాష్ అందురు. రద్దీగల దుకాణమున ఒకడు వేచియుండును, తక్కినవారందరు నకలును క్షణములో పొందుదురు. మన దుకాణమునకు రెండవవాడు వచ్చులోపలనే నకలు గడువు తీరును. కావున వచ్చిన ప్రతివాడును మొదటివాడే!

అంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. వర్డ్‌ప్రెస్‌కు వేళప్రకారము పనులు చేయు ఏర్పాటు 2007లో చేరినది గాని, దానికి తనదైన గడియారము లేదు. ఎవరైన దుకాణమునకు వచ్చిననే అది మేల్కొని, వేళయైన పనులున్నవా అని చూచును. రాత్రియంతయు ఎవరును రానిచో పనులన్నియు పేరుకొని, తెల్లవారి వచ్చిన మొదటి మనిషితోపాటే మొదలగును. అద్దెకు తీసికొన్న చిన్న సర్వరు రెండింటిని మోయలేక మందగించును. నకలు పుట అందినచో ఆ ఏర్పాటు మేల్కొననే మేల్కొనదు.

దీనివలన నేతగానికి కలుగు నష్టమును చూడుడు. చిటికి కట్టి, రంగులు వేసి, దినములు శ్రమించి నేసిన చీర ఒక్కటే యుండును. ఎవరో దానిని ఎంచుకొని డబ్బు చెల్లింపక విడిచిపోదురు. వూకామర్స్ సాధారణముగా అట్టి సరకును 60 నిమిషములు నిలిపియుంచి, పిదప ఆర్డరును రద్దుచేసి మరల అమ్మకమునకు పెట్టును. ఈ రద్దు కూడ వేళకు జరుగవలసిన పనియే. అది జరుగనిచో చీర బీరువాలోనే యుండును, దుకాణమున మాత్రము సరకు లేదని కనిపించును.

చెరువుక్రింద రైతు వచ్చి పిలిచిననే తూము తీయు నీరటివాడుండిన పైరేమగునో మీకు చెప్పనక్కరలేదు. వంతు వేళకు తానే తూము తీయువాడు కావలెను. సర్వరులలో అట్టివాడు క్రాన్. 1970ల నాటి యునిక్స్ యంత్రములనుండియు ఈ సాధనము కలదు. నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను ఐదు గడులలో వేళ వ్రాసియిచ్చిన చాలును. మొదట డబ్ల్యుపి-కాన్ఫిగ్ అను దస్త్రములో ఒక పంక్తి చేర్చి, వర్డ్‌ప్రెస్ పాత ఏర్పాటును ఆపించవలెను. పిమ్మట 15 నిమిషముల కొకమారు క్రాన్ దానిని పిలుచునట్లు చేయవలెను. మొదటిది చేసి రెండవది మరచినచో ఏ పనియు జరుగదు. ప్రతి నిమిషము పిలిపించుట చిన్న దుకాణమునకు అనవసరము.

రెండవ పని తెల్లవారుజామున ముఖ్యమైన పుటలను, చీరల పుటలను ఒక్కొక్కటిగా తెరపించి నకళ్లు సిద్ధపరచుట. సంచి పుటకును, చెల్లింపు పుటకును నకలు ఉంచరాదు. ఒకరి సంచి మరొకరికి కనబడు ప్రమాదము కలదు. పెక్కు సర్వరుల గడియారము మనకంటె ఐదున్నర గంటలు వెనుక నుండును. మన ఉదయము 4 గంటలకు పని జరుగవలెనన్న, అచట 22 గంటల 30 నిమిషములని వ్రాయవలెను. ఈ అరగంట వద్దనే పలువురు తడబడుదురు.

సెల్‌ఫోనులో తీసిన పెద్ద ఫొటోలను కుదింపక పెట్టినచో క్రాన్ ఏమియు చేయజాలదు. దానిని వేరుగ సరిచేసికొనవలెను.

పరీక్ష సులభము. ఉదయము ఆరు గంటలకు, మునుపు ఆ దుకాణమును తెరువని ఫోనులో ఒక చీర పుటను తెరచి, ఎంతసేపు పట్టినదో సంఘపు కార్యదర్శి పుస్తకమున వ్రాయవలెను. వెంటనే మరియొక క్రొత్త ఫోనులో అదే పుటను తెరువవలెను. మొదటిమారు చాల ఆలస్యమై, రెండవమారు వేగముగ తెరచుకొన్నచో, తెల్లవారుజాము పని జరుగలేదన్నమాట.