ఎండతో నడిచే గడ్డికోత
అమెరికాలో ఇళ్ల ముందు పచ్చిక కోయడం ఎందరికో బతుకుతెరువు. అయితే ఆకులను ఊదే పెట్రోలు యంత్రాన్ని (లీఫ్ బ్లోయర్) గంటసేపు నడిపితే, కారులో సుమారు 1,770 కిలోమీటర్లు తిరిగినంత పొగ కాలుష్యమని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క. అందుకే ఆ రాష్ట్రంలో అమ్మకానికి 2024 నుంచి తయారయ్యే తోటపని యంత్రాలు చాలావరకు పొగలేనివై ఉండాలన్నారు.

బ్యాటరీ యంత్రాలైతే ఎండతోనే నడపొచ్చు. వాటిని పనికి తీసుకెళ్లే బండి పైకప్పుకు 400 వాట్ల సోలార్ పలక బిగిస్తే, ఐదు గంటల మంచి ఎండకు రెండు యూనిట్ల కరెంటు వస్తుంది. వృథా పోను, పావు యూనిట్ పట్టే బ్యాటరీలు ఐదారు నిండుతాయి. పెట్రోలు ఖర్చుండదు, చెవులు చిల్లులు పడే రొదా ఉండదు. కోసిన గడ్డి అక్కడే వదిలితే నేలకు ఎరువు.

ఈ పనిలో గిరాకీ కావాలంటే, ముందు మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పచ్చికను ఊరికే కోసిపెట్టండి. ఇరుగుపొరుగే మీ పేరు నాలుగిళ్లకూ చెబుతారు. ఒక్క పలక, రెండు బ్యాటరీలతో మొదలుపెట్టండి.