పెట్టె అడుగున పాత పాస్‌బుక్కు



వాల్మీకిపురంలోనో, కుప్పం పక్క పల్లెలోనో తాతగారి పెట్టె సర్దుతుంటే ఒక పాత పాస్‌బుక్కు బయటపడిందనుకోండి. పారేయకండి. అందులోని డబ్బు ఎక్కడికీ పోలేదు.

అమెరికాలో ఇలా ఎవరూ అడగని సొమ్మును రాష్ట్ర ప్రభుత్వాలు భద్రపరుస్తాయి. మన దేశంలో బ్యాంకు డబ్బు విషయంలో ఆ పని రిజర్వు బ్యాంకుది. పదేళ్లపాటు లావాదేవీ లేని ఖాతాలోని సొమ్ము, 2014లో ఏర్పడిన ప్రత్యేక నిధికి చేరుతుంది. అయినా హక్కు ఖాతాదారుదే, ఆయన తర్వాత వారసులదే. అడగడానికి గడువు లేదు.

ఏ బ్యాంకో గుర్తులేదా? 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్ తెచ్చింది. ఫోన్ నంబరుతో నమోదై, ఖాతాదారు పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు నంబరు లేదా పుట్టిన తేదీ ఇచ్చి ఉచితంగా వెతకవచ్చు. డబ్బు ఇచ్చేది మాత్రం బ్యాంకే.

పాస్‌బుక్కుపై ఉన్న పేరు ఇప్పుడు కనబడకపోతే కంగారు వద్దు. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. మన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. అక్కడికే వెళ్లండి. గుర్తింపు కార్డు, ఖాతాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ లేదా వారసత్వ పత్రాలు వెంట ఉంచుకోండి.

డబ్బు ఇప్పిస్తామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారిని మాత్రం నమ్మకండి. మీ సొమ్ము మీరు అడగడానికి దళారి అక్కర్లేదు.